అన్నం తిననివాడు వేసిన పన్ను

కర్ణికాపుర రాజసభకు నూట ఎనిమిది స్తంభాలు. ఒక్కొక్క స్తంభం మీద ఒక్కొక్క పంటను చెక్కించారు పూర్వులు. వరి వెన్నుల స్తంభం ఒకటి, చెరకు గడల స్తంభం ఒకటి, విచ్చిన పత్తికాయల స్తంభం ఒకటి. పసుపు కొమ్ములకు పుష్యరాగాలు పొదిగారు, మిరియాల తీగలకు నీలాలు పొదిగారు. పైకప్పు నుంచి వేలాడే వెండి దీపాలు గాలికి కదిలితే ఆ రాతి పంటలన్నీ ఊగుతున్నట్టే ఉంటుంది. చిట్టచివరి స్తంభం మాత్రం బోడిది. శిల్పికి జీతం ఎగ్గొట్టారని, అందుకే అతడు ఉలి విసిరేసి పోయాడని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఆ బోడి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు నందకుడు. సభంతా సాంబ్రాణి పొగ కమ్ముకుని ఉంది. నందకుడి కడుపులోంచి కూడా పొగ లేస్తోంది గానీ అది సాంబ్రాణిది కాదు.

సింహాసనం పక్కన దంతపు పీఠం మీద కూర్చున్నాడు రుచిదత్తుడు. మూడు నెలల కిందట ఎక్కడినుంచో ఊడిపడ్డ పండితుడు. నిలువెత్తు విగ్రహం, పాలరంగు మేను, రెప్ప వాలని పెద్ద పెద్ద కళ్ళు. ధవళకీర్తి మహారాజు స్వయంగా లేచి తన ముత్యాల హారం తీసి అతని మెడలో వేశాడు. అతడేదో చమత్కారం ఆడాడు. రాజు నవ్వాడు. రాజు నవ్వితే నవ్వనీ, పక్కనే కూర్చున్న రాకుమారి తరళిక కూడా నవ్వింది. కింది పెదవిని పంటితో నొక్కిపట్టి, ఇక ఆపుకోలేక నవ్వే నవ్వు అది. ఆ నవ్వు మూడేళ్ళుగా తన సొంత ఆస్తి అని నందకుడి నమ్మకం.

ఇంతకూ నందకుడెవరంటే, ఆ రాజ్యంలో అంచనాదారు. మూడు నెలల కిందటి దాకా ప్రతి ఇంటివారూ తమ రాబడిలో ఆరో పాలు రాజుకు కట్టేవారు. తన రాబడి ఇంత అని నిజం చెప్పే మనిషి ఏ రాజ్యంలోనూ పుట్టలేదు గనక కర్ణికాపురంలో ఒక పద్ధతి పెట్టారు. అంచనాదారు చెప్పాపెట్టకుండా మధ్యాహ్నం పూట ఒక ఇంటికి వెళ్ళి విస్తరి ముందు కూర్చుంటాడు. ఇంట్లో ఉన్నదే వడ్డించాలి. మజ్జిగ చిక్కదనమూ పప్పులో నెయ్యీ పచ్చడిలో నూనే చూసి, చెయ్యి కడుక్కుని, "మీ రాబడి ఇంత" అని చెప్పి లేస్తాడు. జనం మాత్రం తక్కువవాళ్ళా? అతడు వీధి మొదట్లో కనబడగానే నేతిగిన్నె అటకెక్కేది, గంజి పొయ్యెక్కేది. నందకుడి దగ్గర ఆ ఆటలు సాగేవి కావు. విస్తరి ముందు కూర్చోకముందే పెరట్లోకి వెళ్ళి నిన్నటి ఎంగిలాకులు చూసివచ్చేవాడు.

నెలకోసారి ఆ వివరాలు ఒప్పజెప్పడానికి అంతఃపురానికి వెళితే తరళిక అంకెలన్నీ పక్కన పెట్టి, "ఎవరింట్లో ఏం కూర, నందకా?" అని అడిగేది. రత్నాల వర్తకుడి భార్య పనసకాయ కూరను ఉయ్యాలలో పెట్టి దుప్పటి కప్పి జోలపాట పాడిందని అతడు చెబితే ఆమె ఆ నవ్వు నవ్వేది. ఒక్క నవ్వు కోసం నూరు ఇళ్ళ చప్పిడి పప్పు తిన్నాడు మహానుభావుడు. తన మనసులో మాట మాత్రం ఒక్కనాడూ పెదవి దాటనివ్వలేదు.

అటువంటి సమయంలో వచ్చాడు రుచిదత్తుడు.

"మహారాజా! పదిమందికీ వండే కుండలో బియ్యం పోసేవాడొకడు, గరిటె పెట్టి తోడుకునేవాడొకడు. మీరు బియ్యం పోసినవాణ్ణి శిక్షిస్తున్నారు. కష్టపడి సంపాదించినందుకా పన్ను? రాబడి పన్ను రద్దు చేయండి. ఎవడెంత తోడుకుంటే వాడి దగ్గర అంత పుచ్చుకోండి. కొనుక్కున్న ప్రతి వస్తువు మీదా పదో పాలు. అప్పుడు ఈ అంచనాదారులు గృహస్థుల వంటిళ్ళలోకి తొంగిచూడనక్కరలేదు" అన్నాడు.

మాట బాగుంది. ఎంత బాగుందంటే, దానిలో తప్పేమిటో కనిపెట్టాలని నందకుడు తల బద్దలుకొట్టుకున్నా దొరకలేదు. శుద్ధ అబద్ధమై ఉంటే అతనికంత మండేది కాదు. రాబడి పన్ను పోయి ఖర్చు పన్ను వచ్చింది. ప్రతి అంగడి గుమ్మం మీదా రుచిదత్తుడు మంత్రించిన రాగి చిలుక వాలింది. ఎవరేం కొన్నా కొన్నవాడి పేరూ వస్తువూ పన్నూ గొంతు చించుకుని అరుస్తుంది. అంచనాదారుల ఉద్యోగాలు ఊడాయి. అంతఃపురంలో ఇప్పుడు తరళికకు కబుర్లు చెప్పేవాడు రుచిదత్తుడు.

మహారాజు లేచి నిలబడ్డాడు. "సభాసదులారా! ఈ సాయంకాలం సూర్యాస్తమయ సమయాన మా కుమార్తె తరళికకూ ఈ రుచిదత్త పండితుడికీ నిశ్చయ తాంబూలాలు" అని ప్రకటించాడు.

"వీల్లేదు!"

నూట ఎనిమిది స్తంభాలూ ఆ కేకకు ప్రతిధ్వనించాయి. అరిచింది తానేనని నందకుడికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"ఎందుకు వీల్లేదు?" అన్నాడు రాజు, కనుబొమలు ముడిచి.

"ప్రభూ, ఇతడు... ఇతడెవరో మనకు తెలియదు. ఇతని పన్నులో ఏదో మోసం ఉంది."

తరళిక ముందుకు వంగింది. "ఏమిటది, నందకా? తప్పు ఒక్కటి చూపించు. నాన్నగారితో నేను వాదిస్తాను."

ఆమె నిజంగానే అడిగింది. కళ్ళలో ఆశ కూడా ఉంది. నందకుడు రుచిదత్తుడి వైపు వేలు చూపించాడు. "ఇతడు... రెప్ప వేయడు" అన్నాడు చివరికి.

సభ గొల్లుమంది. రాజుకు కోపం వచ్చింది. "ఓర్వలేనివాడా! సూర్యాస్తమయం లోపల రుజువు తెచ్చావా సరే. వట్టి నిందలతో మళ్ళీ ఈ సభలో నోరెత్తితే నాలుక కోయిస్తాను, పో!"

ఆ తిట్టుకు నందకుడు బాధపడలేదు. దంతపు పీఠం మీద రుచిదత్తుడు జాలిగా చిరునవ్వు నవ్వాడు, ప్రాణం అక్కడ చచ్చింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అన్నారా!

*

కుమ్మరివాడ దగ్గరికి వచ్చేసరికి దారి మూసుకుపోయింది. ఎటు చూసినా కుండల గుట్టలు. గుట్టల మధ్య పుల్లమ్మ చేతులకు మట్టితో అటూ ఇటూ పరుగెడుతోంది. ఒకప్పుడు ఆమె పెట్టిన జొన్నగటక తిని, "ఈ ఇంటికి పన్ను లేదు" అని రాసినవాడు నందకుడు. అందుకని ఆమెకు అతడంటే అభిమానం.

"ఏం అంచనాదారయ్యా, మాడిపోయిన అట్టులాగా పెట్టావు మొగం?"

"నా సంగతి సరే. ఇన్ని కుండలు ఎవరికవ్వా? ఊళ్ళో సమారాధనా?"

"వంటకని ఎవరు కొంటన్నారు నాయనా! మూతి సన్నం, పొట్ట లావు, గట్టి మూత. అందరూ అదే అడుగుతన్నారు. పాతిపెట్టుకోడానికి! ఖరుసు పెడితేగా పన్ను? పెట్టకపోతే ఆ రాగి చిలక ఏం చేస్తది? మేడలోళ్ళు పెళ్ళిళ్ళు మానుకున్నారు, చీరలు మానుకున్నారు. మూడు నెలలై బంగారం అంతా భూమిలోకే పోతంది."

"నీ పంట పండిందన్నమాట."

"ఏం పంటలే! వచ్చిందంతా ఉప్పుకీ చింతపండుకీ పోతంది. ఇదివరకు పని లేని నెల పన్ను లేదు. ఇప్పుడు పని లేకపోయినా ఉప్పు కొనాల గదా, కొంటే చిలక అరుస్తది. ఉన్నోడు దాచుకుంటే పన్ను లేదంట, లేనోడు తింటే పన్నంట. ఒకటే సుఖంలే, నువ్వొచ్చి మా సట్టిలోకి తొంగిచూడ్డం లేదు."

నందకుడు నుదురు కొట్టుకున్నాడు. మూడు నెలలు తల పగలగొట్టుకున్నా దొరకని మాట కుమ్మరివాడలో కుండల మధ్య పడి ఉంది! పొద్దున సభలో ఈ ఒక్క ముక్క అని ఉంటే తరళిక తన వైపు నిలబడేది. ఇప్పుడు అదీ వట్టి మాట కిందే లెక్క. నాలుక పోతుంది.

"అవ్వా, ఆ రుచిదత్తుడు ఎప్పుడైనా ఏమన్నా కొన్నాడా?"

పుల్లమ్మ ఆలోచించింది. "ఆ మారాజు పేరు ఏ చిలకా అరవంగా వినలేదే. ఉప్పురాయి కూడా కొన్నట్టు లేదు."

అంచనాదారు బుర్ర ఒక్కసారిగా మేలుకుంది. మూడు నెలలుగా ఉప్పురాయి కూడా కొననివాడు ఏం తిని బతుకుతున్నాడు?

క్షణాల్లో పుల్లమ్మ కుండలు కాల్చే ఆవం బూడిద ఒంటికి పూసుకున్నాడు, కొప్పు విప్పి జడలు కట్టాడు, పగిలిన చిప్ప ఒకటి చేత పట్టాడు. అంచనాదారు మాయమై బైరాగి తయారయ్యాడు. "భవతీ భిక్షాందేహి" అంటూ దక్షిణ వీధికి నడిచాడు.

రుచిదత్తుడి భవనం చంద్రకాంత శిలలతో కట్టింది. ముఖద్వారానికి ఏనుగు దంతాల తోరణం, ముంగిట స్ఫటికపు కుండీల్లో నల్ల కలువలు, మెట్టుమెట్టుకూ పచ్చల పట్టీ. నందకుడు వాటినేవీ చూడలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ ఎంగిలాకు లేదు. కాకి లేదు. చీమ కూడా లేదు. వంటింట్లోకి తొంగిచూశాడు. పొయ్యి మూతికి సాలెగూడు పట్టి ఉంది. పొయ్యిలో పిల్లి లేవని ఇల్లు అని బీదవాళ్ళను అంటారు. ఇక్కడ పడుకోవడానికి పిల్లి కూడా రాలేదు.

"దొంగ! దొంగ!" అని నెత్తిమీద ఏదో అరిచింది. దూలం మీది రాగి చిలుక! దాని కేకకు వీధి చిలుకలన్నీ లేచి వచ్చి కిటికీల్లోంచి లోపలికి దూసుకొచ్చాయి. ఒకటి భుజం చీల్చింది, ఇంకొకటి చెవి పట్టింది. నందకుడు చిప్పతో రెండింటిని నేలకు కొట్టి, మూల ఉన్న గాదెలోకి దూకి మూత వేసుకున్నాడు. గాదెలో గింజ లేదు సరే, అడుగు కూడా లేదు. నిలువునా పాతాళానికి జారిపోయాడు.

*

పడింది తడి ఇసుక మీద. కళ్ళు అలవాటుపడ్డాక చూస్తే ఊరంత గుహ. పైకప్పు నిండా కుండల అడుగులు పొడుచుకొచ్చి ఉన్నాయి. పైన మనుషులు వంటిళ్ళలో పడగ్గదుల్లో పాతిపెట్టిన కుండలవి. ప్రతి కుండ కిందా ఇసుకలో ఒక తెల్లటి గుడ్డు, లోపల సన్నగా ఏదో మెలికలు తిరుగుతోంది. గుహ నడుమ, సరిగ్గా రాజభవనం కిందకు వచ్చేచోట, గున్న ఏనుగంత గుడ్డు ఉంది. కదలని సొమ్ముకు పాము కాపలా చేరుతుందని ముసలమ్మలు చెబితే నందకుడు నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు.

అడుగుల చప్పుడు విని రాతి చాటుకు తప్పుకున్నాడు. రుచిదత్తుడు వచ్చాడు. నోరు తెరిచి గాలి పీల్చాడు. కాగడాల మంటలన్నీ అతని వైపు వంగాయి. గుటకలు వేసి తృప్తిగా పొట్ట నిమురుకున్నాడు. అదీ అతని భోజనం! పాముకు గాలిమేపరి అని పేరు. ఆకలే తెలియనివాడు అందరి అన్నం మీదా పన్ను వేయించాడు.

అంతలో టప్పుమని ఒక గుడ్డు పగిలింది. రుచిదత్తుడు తోక తొక్కినట్టు ఎగిరిపడ్డాడు. "ఎవరది? ఎవరు ఖర్చు పెట్టారు?"

పైనుంచి ఒక చిలుక దిగి పలికింది: "పాలవీధి రంగసాని. బిడ్డకు జ్వరం మందు. కుండ తవ్వి మూడు బంగారు మాడలు తీసింది."

"పోనీ. ఒక్కటేగా" అని నిట్టూర్చాడతడు. "తొంభై రోజులు కదలకుండా ఉన్న బంగారం కిందే నా గుడ్లు పిల్లలవుతాయి. ఈ సూర్యాస్తమయంతో తొంభై నిండుతాయి." పెద్ద గుడ్డు దగ్గరికి వెళ్ళి ప్రేమగా చెంప ఆనించాడు. "చిన్నవన్నీ పోయినా నాకు చింత లేదు తల్లీ, నువ్వొక్కతివి చాలు. కల్యాణ భండారంలో ఏడో గది కింద పెరిగినదానివి. రాకుమార్తె పెళ్ళికి తప్ప ఆ భండారం ఏడు తలుపులూ తీయరు. అందులోనూ ఏడో తలుపు వరుడి మెడలో దండ పడ్డాకే. అందుకే పెళ్ళి వచ్చే ఏడాదికి వాయిదా వేయించాను. ఈ పూటకు తాంబూలాలు పుచ్చుకుని, ఆ పిచ్చిది నావైపు చూసి నవ్వుతుంటే కూర్చుంటాను. నువ్వు పైకి లేస్తావు."

పిచ్చిది అన్న మాట వినగానే నందకుడి చేయి రాయి మీదికి పోయింది. వాడి తల అక్కడే పగలగొట్టాలనిపించింది. ఎలాగో పళ్ళు బిగబట్టి, దగ్గరున్న చిన్న గుడ్డు ఒకటి రుజువు కోసం బట్టలో మూటగట్టుకున్నాడు. ఆ కదలిక చిలుక చూసింది. "దొంగ!" అంది. ఇక పరుగు! వెనక బుసలు, నెత్తిన రాగి రెక్కల చప్పుడు, ముందు చీకటి. ఆ చీకట్లో వెంటపడ్డవాళ్ళకు బూడిద ఒళ్ళే గానీ ముఖం కనబడలేదు. వేళ్ళు చీరుకుంటుంటే మెత్తటి మట్టిగోడ తవ్వుకుంటూ పైకి పాకి తల బయటపెట్టాడు. అది కుమ్మరుల మట్టిగుంట. ఎదురుగా పార పట్టుకుని పుల్లమ్మ నోరు తెరిచి చూస్తోంది.

మూట విప్పాడు. ఎండ తగలగానే గుడ్డు ఇసుకై వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. రుజువూ అంతే జారిపోయింది.

జరిగింది విని పుల్లమ్మ, "ఊరందరికీ చెబుదాం పద" అంది.

"నువ్వు నమ్మావా?"

"సగం నమ్మాను. నీకు ఆ బాబంటే కడుపుమంట అని ఊరంతా తెలుసుగా."

నందకుడు గుంట గట్టు మీద కూలబడ్డాడు. నిజం చెబితే ఎవరూ నమ్మరు. పాతిపెట్టిన డబ్బు తవ్వి ఖర్చుపెట్టమంటే ఎవడు పెడతాడు? మనిషి దేనికి తన కుండ తనే తవ్వుకుంటాడు? రాజు భయపెడితే తవ్వడు, దేవుడు అడిగితే తవ్వడు. నందకుడికి చటుక్కున వెలిగింది. పక్కవాడు నవ్వితే తవ్వుతాడు! ఆ మంట ఎలా అంటుకుంటుందో ఆ రాజ్యంలో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, మూడు నెలలుగా దానితోనే కాపురం చేస్తున్నాడు గనక.

*

బూడిద కడుక్కుని, భుజాన గాజుల మలారం వేసుకుని, మీసానికి రంగు పూసుకుని బయలుదేరాడు. ఏ ఇంటి వాసనకు ఏ ఇల్లాలు ముక్కు చిట్లిస్తుందో అన్ని భోజనాలు చేసినవాడికి వేరే చెప్పాలా? ముందుగా నూనె వర్తకుడి భార్య వకుళమ్మ గుమ్మం ఎక్కాడు.

"గాజులు వద్దులే పోవయ్యా" అంది ఆవిడ.

"మీకమ్మడానికి రాలేదమ్మా, దాహానికి వచ్చాను. ఎదురింటి పేరిందేవి గారు పన్నెండు జతల కెంపు గాజులు తీసుకున్నారు. మీకు చూపించవద్దన్నారు. చూస్తే కొనలేక బాధపడతారట, పాపం."

వకుళమ్మ ముఖం జేవురించింది. "కొనలేనందా! అది అంత మాట అందా! ఒరే, పలుగు పట్రండి!" నాలుగు పోట్లకు వంటింటి నేల లేచింది, ఆరు పోట్లకు కుండ పైకి వచ్చింది. ఇరవైనాలుగు జతలు చేతులకు పట్టక మోచేతుల దాకా తొడుక్కుని అరుగు మీదికి వచ్చి నిలబడింది. అది చూసిన పేరిందేవి ఇంట్లో పలుగు చప్పుడు మొదలైంది. నిజానికి ఆవిడ అంతకుముందు ఒక్క గాజు కూడా కొనలేదు.

ఇక చెప్పేదేముంది! పట్టు వర్తకుడు నలుగురు బోయీల పల్లకీ కొన్నాడని రత్నాల వర్తకుడికి తెలిసింది. ఎనిమిదిమంది బోయీల పల్లకీ కొన్నాడు. బోయీలు దొరక్క అల్లుళ్ళ చేత మోయించాడు. పిల్లలు లేని దంపతులు వెండి ఉయ్యాల కొన్నారు, పక్కింట్లో ఉందని. పుల్లమ్మ తన వంతు సాయంగా నూతి దగ్గర నాలుగు మాటలు వదిలింది. అవి నాలుగు వీధులు కాల్చాయి. అంగడి చిలుకలు అరిచి అరిచి గొంతులు బొంగురుపోయి, కొన్ని తల ఊడి కింద పడ్డాయి. నేల కింద టపటపమని శబ్దం. జనం అది పెళ్ళి బాణసంచా అనుకున్నారు. ఆ రోజు కర్ణికాపురంలో కొన్న వస్తువుల్లో సగం ఎవరికీ అక్కరలేనివి.

పడమటి కొండ మీదికి ఎర్రగా సూర్యుడు వాలాడు. చిన్న గుడ్లన్నీ పోయాయి. ఇంకొకటుంది. దాన్ని పగలగొట్టే మార్గం కూడా ఒక్కటే ఉంది. ఆ మార్గం తరళిక పెళ్ళి మీదుగానే పోతుంది.

అయినా సభలోకి నడిచాడు.

తాంబూలపు పళ్ళెం ముందు రుచిదత్తుడు కూర్చున్నాడు. నుదుట చెమట. చిన్న గుడ్ల వార్త అందిందన్నమాట. తరళిక ఎర్రపట్టు చీరలో, తలవంచుకుని ఉంది. నందకుణ్ణి చూడగానే తల ఎత్తింది. రాజు, "రుజువు తెచ్చావా, నాలుక తెచ్చావా?" అన్నాడు.

నందకుడు సాష్టాంగపడ్డాడు. "తప్పయిపోయింది ప్రభూ. ఓర్వలేక కూశాను. ఇంతటి అల్లుడు మరే రాజుకూ దొరకడు." "కానీ ప్రభూ, ఒక్క సంగతి. శంఖద్వీపపు రాజు కూతురి పెళ్ళికి ఊరంతటికీ బంగారు నాణేలు వెదజల్లాడట. మన దూతలను చూసి, మీ రాజుగారు వట్టి తమలపాకులతో సరిపెడతారట కదా అని నవ్వాడట."

అలాంటి మాట ఎవరూ అనలేదు. అయినా రాజు మీసం నిలబడింది. "నవ్వాడా! వాడి తాత మా తాతకు గొడుగు పట్టాడు! తాంబూలాలు కాదు, ఇప్పుడే పెళ్ళి! కల్యాణ భండారం తెరవండి!"

"మహారాజా, ఆడంబరం ఎందుకు..." అంటూ రుచిదత్తుడు సగం లేచాడు.

"చూశారా ప్రభూ, ఎంత వినయమో!" అన్నాడు నందకుడు. సభ చప్పట్లు కొట్టింది. రుచిదత్తుడు కూర్చోక తప్పలేదు.

మొదటి తలుపు తెరుచుకుంది. బంగారం తట్టలతో బయటికి పోయి జనం మీద వానలా కురిసింది. రెండో తలుపు, మూడో తలుపు. తలుపు తలుపుకూ రుచిదత్తుడి ముఖం పాలిపోతోంది. ఆరో తలుపు తెరిచేసరికి అతని మెడ మీద చర్మం పొలుసులు పొలుసులుగా లేచింది. ఉత్తరీయంతో కప్పుకున్నాడు. సూర్యబింబం సగం మునిగింది. ఏడో తలుపు దగ్గర భటులు ఆగారు. దండ పడాలి.

తరళిక పూలదండ పట్టుకుని నిలబడింది. వేయలేదు. సభ మొత్తాన్ని దాటి ఆమె చూపు బోడి స్తంభం దగ్గర మళ్ళీ వచ్చి నిలబడ్డ నందకుడి మీదికి వచ్చింది. పొద్దుటి కేక మళ్ళీ వినబడుతుందని చూస్తోంది. ఒక్కసారి వీల్లేదను, చాలు, ఈ దండ పారేస్తాను అన్నట్టుంది ఆ చూపు. మూడేళ్ళలో ఆమె అతనితో అనని మాట అది. ఇవాళ, ఈ గడియలో, ఇందరి ముందు ఆ మాట అతనికి అర్థమైంది. ఆమె నవ్వింది రుచిదత్తుడి చమత్కారాలకు కాదనీ, తన కడుపుమంట చూసి మురిసిపోయిందనీ కూడా అర్థమైంది.

నిజం చెబితే రుచిదత్తుడు వింటాడు, దండ తప్పించుకుంటాడు, సూర్యుడు మునుగుతాడు. సభకు ఆ కొసన తన ప్రాణం దండ పట్టుకుని అడుగుతుంటే అతడు ఏం చెప్పాలి?

"వేయండి, రాకుమారీ" అన్నాడు. "శుభ ముహూర్తం మించిపోతోంది."

తరళిక ముఖం రాయిలా మారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో చివాలున వెనక్కి తిరిగి, దండను రుచిదత్తుడి మెడలో విసిరినట్టు వేసింది.

మంగళవాద్యాలు మోగాయి. ఏడో తలుపు భళ్ళున తెరుచుకుంది. బంగారం బయటికి దొర్లింది. నేల కింద కొండ పగిలినట్టు పెద్ద చప్పుడయింది. సభామంటపం కుడి నుంచి ఎడమకు ఊగింది. రుచిదత్తుడు నోరు తెరిచి కేక పెట్టాడు. మనిషి కేక కాదది. పాలరంగు మేను చీలిపోయి, అందులోంచి తాటిచెట్టంత నల్లని సర్పం పడగ విప్పింది. పెళ్ళిదండ ఇంకా దాని మెడకే ఉంది.

"నా పిల్లలను చంపావు, అంచనాదారూ!" అని బుసకొట్టింది. "అయినా ఇది నా మెడలో దండ వేసిన నా పెళ్ళాం! దీన్ని ఎవడు కాదంటాడు?" తోకతో తరళికను చుట్టి ఎత్తి నేలను ఒక్క పోటు పొడిచింది. రాతి పలకలు విరిగి గొయ్యి పడింది. మహారాజు కత్తి దూసేలోపల పాము సగం లోపలికి దిగిపోయింది.

దిగిపోతూ తరళిక చూసిన చూపు నందకుడి వైపే. రక్షించమని అరవలేదు ఆ పిల్ల. కోపంతో ఆమె గొంతు పగిలిపోయింది.

"నువ్వే వేయమన్నావు!"

గొయ్యి ఆమెను మింగేసింది. రాళ్ళు విరిగిపడి ఆ మూతి పూడుకుపోతోంది. భటులు భయంతో వెనక్కి తగ్గుతున్నారు. ఆమెకు చెప్పవలసిన జవాబు నందకుడి దగ్గర ఉంది. అది ఆమె చెవిన పడాలంటే ఆ గొయ్యి అడుక్కి వెళ్ళాలి. చేతిలో కత్తి కూడా లేదు. పరుగెత్తుకొచ్చి దూకాడు.